తెలిసిన డిటెక్టివ్, తెలియని హంతకుడు



ఈ రోజు డిటెక్టివ్ నవలల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. అందులోనూ ఒకే డిటెక్టివ్ పుస్తకం తరువాత పుస్తకంలో మళ్లీ మళ్లీ కనిపించే సీరీస్ నవలల గురించి. ఇదికూడా రేడియోలో ప్రసంగించవలసిన విషయమేనా అని మీలో కొందరికి అనిపించవచ్చు. లెక్కల పుస్తకంలో దాచుకుని యుగంధర్ నవల చదువుతున్న పిల్లవాడి చెవి మెలేసిన పెద్దవాళ్లు మన ఇళ్లలో ఉండేవారు. చెవి మెలేసి లాక్కున్న ఆ పుస్తకాన్నే రాత్రి లాంతరు వెలుగులో తాము పూర్తిచేసిన పెద్దవాళ్లూ ఉండేవారు. కాబట్టి విషయం మీకు కొత్తది కాదు. అందరూ చదివి, చదివామని ఒప్పుకోని సాహిత్యం ఇది.

ముందుగా ఒక ప్రశ్న వేసుకుందాం. కొమ్మూరి సాంబశివరావుగారి నవల ఒకటి మీ చేతికి వచ్చిందనుకోండి. అట్ట తిప్పకముందే మీకు ఎన్ని సంగతులు తెలుసో చూడండి. డిటెక్టివ్ యుగంధర్ చనిపోడు. ఆయన అసిస్టెంటు రాజు ఎక్కడో చిక్కుల్లో పడతాడు, మళ్లీ బయటపడతాడు. సెక్రటరీ కాత్యాయని ఆఫీసులో ఉంటుంది. ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు ఎక్కడో ఒకచోట తగులుతాడు. చివరికి హంతకుడు దొరుకుతాడు. ఇంత తెలిసిపోయాక ఇక చదవడానికి మిగిలిందేమిటి? హంతకుడి పేరు ఒక్కటే కదా! ఆ ఒక్క పేరు కోసం రెండు వందల పేజీలు చదువుతామా?

మీరు వెంటనే, అవును, ఆ పేరు కోసమే, అంటారు. సరే. అయితే అద్దె పుస్తకాల షాపుల్లో జరిగిన ఒక అన్యాయం గుర్తుచేస్తాను. రోజుకు ఇంత అని అద్దెకు తెచ్చుకున్న నవల. మొదటి పేజీలోనే ఎవరో పుణ్యాత్ముడు పెన్సిలుతో రాసి పెట్టేవాడు, హంతకుడు ఫలానా అని. మనకంటే ముందు చదివినవాడికి ఆ సంతోషం ఏమిటో! కొన్ని పుస్తకాల్లో ఆఖరి రెండు కాగితాలు ఉండేవే కావు. అప్పుడు మీరేం చేశారు? ఆ పుస్తకం విసిరికొట్టారా? చాలామంది కొట్టలేదు. వాడిని తిట్టుకుంటూనే మొదటినుంచి చివరిదాకా చదివారు. అద్దె ఎలాగూ ఇచ్చాం గదా అని మాత్రమే కాదు. చదువుతుంటే బాగుంది కాబట్టి.

ఇక్కడే అసలు సంగతి ఉంది. సీరీస్ నవలలో పాఠకుడికి దొరికే ఆనందాలు రెండు. ఒకటి రహస్యం. అది అగ్గిపుల్లలాంటిది, ఒక్కసారే వెలుగుతుంది. రెండోది ఆ డిటెక్టివ్ ఉండే ఇల్లు, ఆయన చుట్టూ ఉండే మనుషులు, వాళ్ల మాట తీరు. ఇది ఎన్నిసార్లు వెళ్లినా తరగదు. ఒక్క పుస్తకంగా వచ్చిన మిస్టరీలో మొదటిదే ప్రధానం. సీరీస్‌లో రెండోదే ప్రధానం, మొదటిది ఒక వంక. బంధువుల ఇంటికి వెళ్లడానికి పెళ్లి ఒక వంక అయినట్టు.

లండన్ నగరంలో బేకర్ వీధి, 221 బి నెంబరు ఇల్లు. ఆర్థర్ కోనన్ డాయిల్ 1887లో మొదటి నవలతో షెర్లాక్ హోమ్స్‌ను ఆ ఇంట్లో కూర్చోబెట్టాడు. మొత్తం రాసినవి 4 నవలలు, 56 కథలు. చాలా కథలు ఒకేలా మొదలవుతాయి. బయట మంచో, వానో. లోపల నిప్పుగూడు. హోమ్స్ చేతిలో పైపు, డాక్టర్ వాట్సన్ చేతిలో పేపరు. మెట్ల మీద ఎవరో కొత్త మనిషి అడుగుల చప్పుడు. ఆ చప్పుడు వినగానే పాఠకుడు కుర్చీలో సర్దుకుని కూర్చుంటాడు. హరికథలో దాసుగారు చిడతలు అందుకోగానే మనం సర్దుకుని కూర్చుంటామే, అలాగన్నమాట. కథ తెలియనిదని కాదు, తెలిసిన పద్ధతిలో మొదలవుతోందని.

హోమ్స్ మీద పాఠకులకు ఎంత చనువంటే, రచయిత పొరపాట్లను కూడా ఇంటి మనిషి పొరపాట్లలాగే చెప్పుకుంటారు. వాట్సన్‌కు యుద్ధంలో తగిలిన తుపాకి గుండు మొదటి నవలలో భుజానికి తగిలింది. రెండో నవలకు వచ్చేసరికి గాయం కాలికి దిగింది. ఆయన పేరు జాన్. ఒక కథలో భార్య జేమ్స్ అని పిలుస్తుంది. ఇందుకు కారణాలు కల్పిస్తూ పెద్ద పెద్ద చదువులు చదువుకున్నవాళ్లు వ్యాసాలు రాశారు. ఒక్క పుస్తకంతో ముగిసే కథలో ఇలాంటి తప్పు దొరికితే తప్పనే అంటాం. సీరీస్‌లో దొరికితే, ఆ తప్పు పట్టుకున్నది నేనే అని మురిసిపోతాం.

అయితే ఇల్లు బాగుంటే చాలు, రహస్యం ఎలా ఉన్నా ఫరవాలేదా అంటే, కాదు. రచయిత రహస్యం విషయంలో మోసం చేస్తే పాఠకుడు మళ్లీ ఆ గడప తొక్కడు. ఇందుకు ఇంగ్లండులో నియమాలే ఏర్పడ్డాయి. రోనాల్డ్ నాక్స్ అనే ఆయన క్రైస్తవ మతాచార్యుడు, తనూ డిటెక్టివ్ నవలలు రాశాడు. 1929లో ఆయన పది సూత్రాలు పెట్టాడు. దయ్యాలు, దేవతలు వచ్చి కేసు తేల్చకూడదు. ఇంతవరకూ ఎవరూ కనిపెట్టని విషంతో చంపకూడదు. డిటెక్టివ్‌కు దొరికిన ఆధారం వెంటనే పాఠకుడికీ చూపించాలి. డిటెక్టివే హంతకుడు కాకూడదు. ముందుగా సూచించకుండా కవల పిల్లల్ని తీసుకురాకూడదు. ఈ చివరి సూత్రం మన సినిమావాళ్లకు ఎవరైనా చెప్పి ఉంటే ఎన్ని డబుల్ యాక్షన్ కథలు ఆగిపోయేవో!

ఆ పదింటిలో నాకు బాగా నచ్చినది డిటెక్టివ్ స్నేహితుడి గురించి చెప్పినది. అతని తెలివి సగటు పాఠకుడి తెలివికంటే కొంచెం, చాలా కొంచెం మాత్రమే తక్కువగా ఉండాలట. ఎంత లోతైన మాటో చూడండి. వాట్సన్ మరీ మొద్దు అయితే మనకు విసుగు. మనకంటే చురుకైనవాడైతే మనకు చిన్నతనం. కొంచెం తక్కువవాడైతే, అయ్యో, ఇది కూడా కనిపెట్టలేకపోయావా, అనుకుంటూ మనం గర్వంగా ముందుకు పోతాం. తీరా చివరికి డిటెక్టివ్ విప్పి చెప్పినప్పుడు మనమూ ఆ స్నేహితుడి పక్కనే నోరు తెరుచుకుని నిలబడతాం. అసిస్టెంటును నడపడం ఎంత కష్టమో సీరీస్ రాసినవాళ్లకే తెలియాలి.

అమెరికాలో ఇద్దరు పినతండ్రి, పెదతండ్రి బిడ్డల వరుసవాళ్లు కలిసి ఎల్లరీ క్వీన్ అనే ఒకే పేరుతో రాసేవారు. వాళ్ల డిటెక్టివ్ పేరూ ఎల్లరీ క్వీనే. 1929లో మొదలైన ఆ నవలల్లో ఒక తమాషా ఉండేది. ముగింపుకు ముందు కథ ఆపేసి పాఠకుడికి సవాలు విసిరేవారు. ఇప్పుడు ఆధారాలన్నీ మీ చేతిలో ఉన్నాయి, హంతకుడెవరో మీరే చెప్పండి, అని. ఇంట్లో నలుగురు కలిసి చదివేటప్పుడు ఈ పద్ధతి మీరూ పెట్టుకోవచ్చు. ఆఖరి అధ్యాయం ముందు పుస్తకం మూసి, ఒక్కొక్కరు ఒక్కో పేరు కాగితం మీద రాసి, మడిచి డబ్బాలో వేయండి. తరువాత చదవండి. ఆ రోజు టీవీ ఎవరికీ గుర్తుకు రాదు.

ఆధారాలన్నీ చూపిస్తూనే పాఠకుణ్ణి పల్టీ కొట్టించిన మనిషి ఆగథా క్రిస్టీ. 1926లో వచ్చిన రోజర్ ఆక్రాయిడ్ హత్య నవల చదివినవాళ్లు రెండు పార్టీలుగా చీలిపోయారు. ఒక పార్టీ ఇది దగా అంది. మరో పార్టీ ఇంతకంటే నిజాయితీగా రాయడం ఎవరి తరమూ కాదంది. ఆ రహస్యమేమిటో మీకు చెప్పను. మొదటి పేజీలో పెన్సిలుతో రాసే పాపం నాకెందుకు? కానీ చదివినవాళ్లు మరోసారి చదవండి. రెండోసారి చదువుతుంటే, ఆవిడ ప్రతి ఆధారాన్నీ మన కళ్లముందే, నడి బల్లమీదే పెట్టిందని తెలుస్తుంది. మనమే చూడలేదు. మంచి డిటెక్టివ్ నవలకు పరీక్ష ఇదే. హంతకుడి పేరు తెలిసి చదివినప్పుడు ఇంకా బాగుండాలి.

ఇంత మోజు పాఠకుడికి ఉంటే, రచయిత పరిస్థితి ఏమిటి? పాపం, చాలామందికి తమ డిటెక్టివ్ మీద విసుగు పుట్టింది. డాయిల్ తాను చారిత్రక నవలాకారుడిగా పేరు తెచ్చుకోవాలనుకున్నాడు. హోమ్స్ అందుకు అడ్డమనుకుని 1893 డిసెంబరులో వచ్చిన కథలో అతణ్ణి స్విట్జర్లాండులో జలపాతం దగ్గర చంపేశాడు. దానితో స్ట్రాండ్ పత్రికకు ఇరవై వేలమంది చందాదారులు చందా మానేశారని చెబుతారు. పదేళ్లు గడిచాక, 1903లో, హోమ్స్ అసలు చావనేలేదంటూ మళ్లీ తీసుకురాక తప్పలేదు. క్రిస్టీ సంగతీ అంతే. ఆమె డిటెక్టివ్ హెర్క్యూల్ పాయిరో 1920లో మొదటి నవల వచ్చేనాటికే ఉద్యోగం విరమించిన పోలీసు అధికారి. యాభై అయిదేళ్లపాటు రాస్తూ పోయేసరికి లెక్కప్రకారం అతని వయసు నూరు దాటాలి. అంత ముసలివాణ్ణి పెట్టి మొదలుపెట్టడం పొరపాటేనని ఆవిడే తరువాత ఒప్పుకుంది. అంతటితో ఊరుకోక, తన నవలల్లోనే అరియాడ్నీ ఆలివర్ అనే రచయిత్రి పాత్రను సృష్టించింది. ఈ ఆలివర్‌గారు ఫిన్లాండు దేశపు డిటెక్టివ్‌ను పెట్టి నవలలు రాసి, ఆ డిటెక్టివ్‌తో ప్రాణం విసిగిపోయి ఉంటుంది! పాయిరో చివరి నవల 1975లో వెలువడింది. అతను మరణించాడని న్యూయార్క్ టైమ్స్ పత్రిక మొదటి పేజీలో వార్త వేసింది, బతికి చనిపోయిన పెద్దమనిషికి వేసినట్టే.

మన దేశంలో ఇందుకు పూర్తిగా భిన్నమైన దారి పట్టినవాడు బెంగాలీ రచయిత శరదిందు బంద్యోపాధ్యాయ. ఆయన వ్యోమకేశ్ బక్షీని మీలో చాలామంది పుస్తకంలో కాకపోయినా దూరదర్శన్‌లో చూసి ఉంటారు. 1993లో బాసు చటర్జీ దర్శకత్వంలో వచ్చింది, రజిత్ కపూర్ వేశాడు. వ్యోమకేశ్‌కు డిటెక్టివ్ అన్న మాట గిట్టదు. తనను సత్యాన్వేషి అనాలంటాడు. 1932 నుంచి కొన్నేళ్లు రాసి, శరదిందు సినిమాల పని మీద బొంబాయి వెళ్లి, పదిహేనేళ్లదాకా ఈ కథల జోలికి పోలేదు. పాఠకులు అడగడంతో మళ్లీ మొదలుపెట్టాడు. ఇక్కడ విశేషం ఏమిటంటే వ్యోమకేశ్‌కు మనలాగే వయసు వస్తుంది. ఒక కేసులో పరిచయమైన సత్యవతిని పెళ్లాడతాడు. కొడుకు పుడతాడు. స్నేహితుడు అజిత్ వాళ్లతోనే ఉంటాడు. భార్యాభర్తలు కీచులాడుకుంటారు, మధ్యలో అజిత్ నలుగుతాడు. ముప్పై రెండు కథలు పూర్తయి, ముప్పై మూడోది సగంలో ఉండగా 1970లో రచయిత కన్నుమూశాడు. ఆ కథ అలాగే ఉండిపోయింది.

ఇందువల్ల మీకు ఒక సలహా. వ్యోమకేశ్ లాంటి సీరీస్, అంటే కాలం నడిచే సీరీస్, వరుసక్రమంలో చదవండి. లేకపోతే పెళ్లికి ముందే కొడుకు కనిపిస్తాడు. పాయిరో, యుగంధర్ లాంటి సీరీస్‌లో కాలం కదలదు. వాటిని ఏది ముందు దొరికితే అది చదవవచ్చు. కానీ ఏ సీరీస్ అయినా వరుసగా రెండు మూడుకంటే ఎక్కువ చదవకండి. నాలుగోదానికి రచయిత చెయ్యి తిరిగే తీరు పట్టుబడిపోతుంది. ముందుగానే అనుమానం వచ్చేవాడు హంతకుడు కాడని, పాలు తాగే పిల్లిలా ఉన్నవాడే హంతకుడని లెక్కలు వేస్తారు. మిఠాయి రుచే పోతుంది.

తెలుగులోకి ఈ నవలలు బెంగాలు నుంచే మొదట దిగుమతి అయ్యాయి. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో పాంచ్‌కడీ దే నవలల అనువాదాలు వచ్చాయి. అపరాధ పరిశోధక నవల అని పేరు పెట్టారు. తరువాత మద్రాసు కేంద్రంగా జేబు సైజు నవలలు వెల్లువెత్తాయి. ఆరుద్ర అంతటివాడు పలకల వెండిగ్లాసు లాంటి డిటెక్టివ్ నవలలు రాశాడు. 1926లో పుట్టి 1994లో పోయిన కొమ్మూరి సాంబశివరావుగారు యుగంధర్‌ను తెలుగువాళ్ల ఇంటి మనిషిని చేశారు. ఆయన రచయిత చలంగారికి దగ్గరి బంధువు కూడా. యుగంధర్ నవలలో వాక్యం చిన్నది. మాట సూటి. పల్లెటూరి హైస్కూలు పిల్లవాడు నిఘంటువు అక్కర లేకుండా చదవగల తెలుగు. ఈ సంగతి పండితులు పెద్దగా పట్టించుకోలేదు. నా దృష్టిలో ఆ నవలల అసలు గొప్ప అదే.

మధుబాబుగారి షాడో దారి వేరు. షాడో గూఢచారి. శ్రీకర్, బిందు, గంగారాం, ముఖేష్, పైన కులకర్ణిగారు, ఈ పేర్లు వింటేనే ఈలలు వేసేవాళ్లు మీలో ఇప్పటికీ ఉన్నారని నాకు తెలుసు. అక్కడ ప్రశ్న ఎవరు చేశారని కాదు, ఎలా తప్పించుకుంటాడని. రహస్యం తక్కువ, పరుగు ఎక్కువ. అయినా ఆ జట్టు అంతా మళ్లీ ఒకచోట కలిసేసరికి కలిగే సంబరం మాత్రం నేను ఇందాక చెప్పిన ఇంటి సంబరమే.

ఇక మన సరిహద్దు ప్రాంతాల సంగతి. మీరు ఒక రకంగా అదృష్టవంతులు. బళ్లారి, కోలారు శ్రోతలు బడిలో నేర్చిన కన్నడంతో ఎన్. నరసింహయ్యగారి పత్తేదార పురుషోత్తమను చదివారు. నాలుగో తరగతితో చదువు ఆగిపోయిన ఆయన వందల నవలలు రాసి 2011లో పోయారు. హోసూరు, మద్రాసు వైపువాళ్లకు తమిళవాణన్ సృష్టించిన శంకర్‌లాల్ ఉన్నాడు, సుజాత సృష్టించిన లాయర్లు గణేశ్, వసంత్ ఉన్నారు. సుజాత ఆడమనిషి కాదు, రంగరాజన్ అనే ఇంజనీరు కలంపేరు. మహారాష్ట్రలో ఉన్నవాళ్లకు బాబూరావ్ అర్నాళ్కర్ వెయ్యికి పైగా చిన్న నవలలు రాసిపెట్టి 1996లో వెళ్లిపోయారు. యానాం శ్రోతలకు ఫ్రెంచి వాసన ఉంది కాబట్టి, ఆ భాషలో జార్జ్ సిమెనాన్ రాసిన ఇన్‌స్పెక్టర్ మెగ్రేను పరిచయం చేస్తాను. 75 నవలలు. మెగ్రే క్లూల కోసం భూతద్దం పట్టుకుని తిరగడు. వెళ్లి హోటల్లో కూర్చుంటాడు, మనుషుల మాటలు వింటాడు, మధ్యాహ్నం భార్య వండిన భోజనానికి వీలైతే ఇంటికి వెళతాడు. ఆఫీసులో కొత్త పద్ధతి వేడి గొట్టాలు వేసినా తన పాత బొగ్గు పొయ్యిని వదలడు. అదీ మనిషి.

రెండు భాషల్లో చదివేవాళ్లకు రెండిళ్ల మర్యాద దక్కుతుంది. కానీ ఇందులో ఒక నష్టం కూడా జరుగుతోంది. గంజాం ప్రాంతం 1936లో ఒరిస్సాలో కలిసింది. బళ్లారి 1953లో మైసూరుకు వెళ్లింది. బడి భాష మారింది. తెలుగు ఇంటి మాటగా మిగిలింది. ఇంటి మాటగా ఉన్న తెలుగును చదివే తెలుగుగా నిలబెట్టింది చాలా ఇళ్లలో కావ్యాలు కావు. వారపత్రికలూ, బస్సుస్టాండు దుకాణంలో తాడుకు వేలాడిన ఈ జేబు నవలలూనూ. తరువాత పేజీలో ఏమవుతుందో అన్న ఆత్రమే అక్షరాలు కూడబలుక్కునేలా చేసింది. వత్తులు, గుడులు తడుముకుంటూ యుగంధర్‌తోనే తెలుగు చదవడం నేర్చుకున్నామని చెప్పేవాళ్లు మీ ఊళ్లోనూ ఉంటారు, అడిగి చూడండి.

ఆ పుస్తకాలు ఇప్పుడు ఎక్కడ ఉన్నాయి? పెద్ద గ్రంథాలయాలు అప్పట్లో వీటిని కొని దాచే మర్యాద చేయలేదు. అద్దె షాపులు మూతపడ్డప్పుడు కట్టలు కట్టి తూకానికి అమ్మేశారు. పల్చటి కాగితం, నలభై యాభై ఏళ్లకు పసుపెక్కి ముట్టుకుంటే విరిగిపోతుంది. చాలా పుస్తకాల మీద ముద్రించిన సంవత్సరం కూడా ఉండదు. అట్ట ఊడిందంటే అది ఎవరు రాశారో, ఎప్పటిదో చెప్పడం యుగంధర్ వల్ల కూడా కాదు.

మీ అటక మీద పాత ట్రంకు పెట్టె ఉంటే ఒకసారి దింపి చూడండి. అట్ట ఉన్న పుస్తకాలు వేరు చేయండి. అట్ట లేనివాటి మీద, మీకు పేరు గుర్తుంటే, ఒక కాగితం మీద రచయిత పేరు, నవల పేరు, ఏ ఊళ్లో ఏ సంవత్సరం ప్రాంతంలో కొన్నారో రాసి లోపల పెట్టండి. పుస్తకం మీద మాత్రం పెన్సిలు పెట్టకండి. ఎండలో ఆరబెట్టకండి, నీడనే గాలికి ఉంచండి. మీ ఊరి తెలుగు సంఘానికి గ్రంథాలయం ఉంటే వాళ్లతో మాట్లాడండి. ఇవ్వడం ఇష్టం లేకపోతే ఇంట్లోనే ఉంచుకోండి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు చదవలేని పిల్లలుంటే, రాత్రి భోజనాలయ్యాక వాళ్లకు ఒక అధ్యాయం పైకి చదివి వినిపించండి. ఒక్కటే అధ్యాయం. తలుపు చప్పుడైన చోట, లైటు ఆరిపోయిన చోట పుస్తకం మూసేయండి. ఎంత బతిమాలినా రెండోది చదవకండి. మిగతాది తామే చదువుకుంటామని మర్నాడు మీ చేతిలోంచి లాక్కుంటారేమో చూద్దాం.

సెలవు.